మరమ్మతు చేసిన కప్పు మళ్లీ కారుతుంటే కొత్త టెండరు ఎందుకు?

పేటవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. బెంగళూరులో మేము పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న పేటలో ఒక సముదాయ భవనం ఉంది. సీమంతాలు, చిన్న పెళ్లిళ్లు, టీకాల శిబిరాలు, పిల్లల వేసవి తరగతులు అన్నీ అక్కడే జరుగుతాయి. కల్యాణ మంటపానికి అద్దె కట్టలేని కుటుంబాలకు ఆ భవనమే దిక్కు. కప్పు కారుతోందని రెండు వానాకాలాల క్రితం దానికి మరమ్మతు చేయించారు. పని జరుగుతున్నప్పుడు గేటు పక్కన నిలబెట్టిన పలకపై అంచనా విలువ 9 లక్షల 80 వేల రూపాయలని రాసి ఉండటం నాకు బాగా గుర్తు. నిరుడు వేదిక వెనుక గోడ చెమ్మగిల్లింది. ఈ ఏడు ఏకంగా ధార కట్టింది, వాన రోజున జరిగిన ఒక సీమంతంలో పీటలు మూడుసార్లు జరపవలసి వచ్చింది.

ఇప్పుడు అదే కప్పుకు, దాదాపు అవే మాటలతో, 14 లక్షల రూపాయలకు కొత్త టెండరు ప్రకటన వెలువడింది. సొంత ఇల్లు కట్టించుకున్నవాడైతే మేస్త్రీని పిలిపించి, నువ్వు చేసిన పనే కదా, వచ్చి సరిచెయ్యి అంటాడు. ప్రజల డబ్బుతో జరిగే పనిలో ఆ మాట అనే హక్కు ఎవరికీ ఉండదా? ఉంటే ఎందుకు అనలేదు? సంబంధిత కార్యాలయంలో అడిగితే, పాత పని పాత ఖాతాలో ముగిసిపోయిందని ఒక్క ముక్కలో చెప్పి పంపించారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. ఎవరితోనో తగాదా పెట్టుకోవాలని కాదు, పద్ధతి ఏమిటో తెలుసుకోవాలనే అడుగుతున్నాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత ఇంజనీరు:

పేటవాసి గారూ, కర్ణాటకలో ప్రభుత్వ పనుల విభాగాలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మేస్త్రీని పిలిపించి సరిచేయించుకునే హక్కు ప్రభుత్వ పనిలోనూ ఉంది. దానిని లోపాల బాధ్యతా కాలం అంటాం, కార్యాలయాలలో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అనే వాడతారు. పని పూర్తయినట్టు ధ్రువీకరించిన తేదీ నుంచి ఒప్పందంలో రాసుకున్నంత కాలం వరకు, చేసిన పనిలో లోపం బయటపడితే కాంట్రాక్టరు తన ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే అతని వద్ద నిలిపి ఉంచిన హామీ సొమ్ములోంచి ఖర్చుపెట్టి ఇంకొకరితో చేయించవచ్చు. ఆ కాలం ఎంత అన్నది అన్ని పనులకూ ఒకటే కాదు, మీ భవనం ఒప్పందంలో ఏముందో చూడాలి. ఖాతా ముగిసిపోయిందన్న మాటకు అర్థం బిల్లు చెల్లించారని మాత్రమే. బిల్లు చెల్లించినంత మాత్రాన బాధ్యత తీరదు, పైగా ఆ కాలం లెక్క మొదలయ్యేదే పని పూర్తయ్యాక.

అయితే ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ పని చేయించినది ఎవరు? బెంగళూరులో ఒకే వీధిలో నీటి గొట్టం జలమండలిది, రోడ్డు కార్పొరేషన్‌ది, పార్కు గోడ ఇంకొకరిది కావడం మామూలే. సముదాయ భవనాలు ఎమ్మెల్యే నిధులతోనో, ప్రత్యేక గ్రాంటుతోనో కట్టినవైతే, పని అమలు చేసిన సంస్థ ఒకటి, భవనాన్ని ఇప్పుడు చూసుకుంటున్న సంస్థ మరొకటి కావచ్చు. కొత్త టెండరు పిలిచిన ఇంజనీరుకు పాత ఒప్పందం సంగతి నిజంగానే తెలియకపోవచ్చు. దానికి తోడు 2025 సెప్టెంబరులో బృహత్ బెంగళూరు మహానగర పాలికె, అంటే పాత కార్పొరేషన్, స్థానంలో గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కింద ఐదు నగర పాలికెలు వచ్చాయి. ఇలాంటి మార్పుల వేళ బీరువాలు ఒక గదిలోంచి మరో గదికి వెళతాయి, ఫైలు కదిలించే గుమాస్తా మారిపోతాడు. సంస్థ పేరు మారితే కాంట్రాక్టరు బాధ్యత మాయం కాదు. కానీ ఆ కాగితం తీసి చూపించేవాడు లేకపోతే ఉన్నా లేనట్టే.

ఇక పని ఎలా నడుస్తుందో చెబుతాను, ఎందుకంటే మీ సమస్య టెండరులో పుట్టిందో అంతకంటే ముందే పుట్టిందో తెలియాలంటే ఈ వరుస తెలియాలి. అసిస్టెంట్ ఇంజనీరు స్థలం చూసి అంచనా తయారుచేస్తాడు. ధరలు ప్రజాపనుల శాఖ ధరల పట్టిక నుంచి తీసుకుంటారు. ఆ అంచనాకు పాలనాపరమైన మంజూరు, ఆపై సాంకేతిక మంజూరు వస్తాయి. 1999 నాటి కర్ణాటక ప్రజా కొనుగోళ్ల పారదర్శకత చట్టం ప్రకారం టెండరు పిలుస్తారు, ఇదంతా చాలా ఏళ్లుగా ఆన్‌లైన్ పోర్టల్‌లోనే జరుగుతోంది. పని విలువను బట్టి కేడబ్ల్యూ-1, కేడబ్ల్యూ-2 అంటూ ప్రామాణిక టెండరు పత్రాలు ఉంటాయి. అర్హత ఉన్నవారిలో అందరికంటే తక్కువకు వేసినవారికి పని దక్కుతుంది. పని జరుగుతుండగా అసిస్టెంట్ ఇంజనీరు స్థలంలోనే కొలిచి కొలతల పుస్తకంలో రాయాలి, పైఅధికారి తనిఖీ కొలత వేయాలి, తర్వాతే బిల్లు. కొలతల పుస్తకంలో పేజీలకు అంకెలు వేసి ఉంటాయి, కాగితం చించకూడదు, దిద్దితే సంతకం పెట్టాలి. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో వివాదాలలో చివరి మాట ఆ పుస్తకానిదే.

నా అనుభవంలో కప్పు మరమ్మతులు విఫలమయ్యేది ఎక్కువగా మొదటి మెట్టులోనే. నీరు ఎక్కడ దిగుతోందో ఎవరూ వెదకరు. పాత ఇటుక ముక్కల పొరకు వాలు పోయిందా, నీరు పోయే గొట్టం మూసుకుపోయిందా, పిట్టగోడకూ కప్పుకూ మధ్య అతుకు విడిపోయిందా అన్నది చూడకుండా, గత ఏడాది ఎక్కడో వేసిన అంచనాను తెచ్చి చదరపు మీటర్లు మాత్రం మార్చి, రసాయనపు పూత అని రాసేస్తారు. అప్పుడు కాంట్రాక్టరు ఆ పూతను నిజాయతీగా వేసినా కప్పు కారుతుంది. ఇక్కడే మీ ప్రశ్నకు చేదు జవాబు కూడా ఉంది. అంచనాలో లేని పనికి కాంట్రాక్టరుది బాధ్యత కాదు. పిట్టగోడ అతుకు అంచనాలోనే లేకపోతే, దానిని సరిచేయలేదని అతన్ని పట్టుకోలేరు. కాబట్టి కారడానికి కారణం అతను వేసిన పూతలో ఉందా, అంచనా రాసినవారు విడిచిపెట్టిన చోట ఉందా అన్నది తేలాకే, కొత్త టెండరు తప్పో ఒప్పో చెప్పగలం.

చిన్న కాంట్రాక్టరు:

ఇంజనీరు గారు చెప్పినదానిలో చివరి పేరా మా వృత్తిలో ఉన్నవారందరూ చట్రం కట్టించి గోడకు తగిలించుకోవలసినది. మాది మదనపల్లె వైపు. బెంగళూరుకు వచ్చి సెంట్రింగ్ మేస్త్రీగా మొదలుపెట్టి, ఇప్పుడు చిన్న తరగతి లైసెన్సుతో పనులు చేస్తున్నాను. పేటవాసి గారి భవనం పని నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా వైపు నుంచి కొన్ని సంగతులు చెప్పాలి. చిన్న మరమ్మతు టెండర్లలో చాలావరకు శాతం పద్ధతిలో ఉంటాయి. అంటే అంచనా మొత్తానికి ఇంత శాతం తక్కువకో ఎక్కువకో చేస్తామని మేము ఒక అంకె వేస్తాం. చేతిలో పని లేనప్పుడు, కూలీలు ఊరికి వెళ్లిపోతారన్న భయంతో బాగా తక్కువకు వేసేవారు ఉంటారు, ఆ తప్పు నేనూ చేశాను. పని దక్కిన రోజు సంతోషంగానే ఉంటుంది. తర్వాత లెక్క వేసుకుంటే ప్రభుత్వ, స్థానిక సంస్థల పనులపై జీఎస్టీ 2022 జూలైలో 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది, కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం పోతుంది, ఆదాయపు పన్ను మూలంలోనే కోత పడుతుంది, ఇంజనీరు గారు చెప్పిన హామీ సొమ్ము, అంటే భద్రతా సొమ్ము, ఆగుతుంది. వీటిలో కొన్ని తర్వాత సర్దుబాటు అవుతాయి, కాదనను. కానీ సిమెంటు కొట్టువాడు సర్దుబాటు దాకా ఆగడు. బిల్లు నెలల తరబడి నిలిచిపోతే వడ్డీ పెరుగుతూ పోతుంది. బిల్లుల బకాయిల గురించీ, కమీషన్ల గురించీ కర్ణాటక కాంట్రాక్టర్ల సంఘం 2021లో ఏకంగా ప్రధానమంత్రికే లేఖ రాసిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ ఆరోపణల నిజానిజాల జోలికి నేను వెళ్లను. డబ్బు ఆలస్యమైతే మాత్రం పనిలో మూడు పొరలు వేయవలసిన చోట రెండే పడతాయని నా కళ్లతో చూసినదే చెబుతున్నాను.

బాధ్యతా కాలం సంగతికి వస్తే, ఆ కాలంలో మాకు ఉత్తరం వస్తే మేము వెళ్లక తప్పదు, మా సొమ్ము వారి దగ్గరే ఉంటుంది కాబట్టి. అసలు చిక్కు ఏమిటంటే ఆ ఉత్తరమే రాదు. ఎవరో ఫోను చేసి, కప్పు కారుతోందట, ఒకసారి చూడు అంటారు. ఫోనుకు లెక్క లేదు. గడువు ముగిసిన మర్నాడు మేము భద్రతా సొమ్ము వాపసు కోరుతూ అర్జీ పెడతాం, లోపమేదీ లేదని సంతకం పడుతుంది, సొమ్ము చేతికి వస్తుంది. ఆ తర్వాత ఎవరు ఎంత అరిచినా మమ్మల్ని కదిలించలేరు. పేటవాసి గారూ, నిరుడు గోడ చెమ్మగిల్లినప్పుడే మీలో ఎవరైనా కాగితం మీద రాసి, అందినట్టు ముద్ర వేయించుకున్నారా? అలా చేసి ఉంటే మీ చేతిలో ఆయుధం ఉన్నట్టే.

హలసూరు చెరువుగట్టు:

మా వీధి చివర ఉన్న పార్కులో నడకబాట రెండుసార్లు వేశారని అనుమానం వచ్చి కిందటేడాది సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. అనుమానం నిజం కాలేదు, రెండో పని బాట మరో పక్కదని తేలింది. అయినా ఆ తిప్పలో నేర్చుకున్నది మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కర్ణాటక నియమాల ప్రకారం ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి, 150 పదాలు దాటకూడదు. నేను మొదట మూడు పేజీల ఆవేదన రాసి పంపితే తిప్పి పంపారు. రుసుము 10 రూపాయలు. అర్జీ కన్నడంలో గానీ ఇంగ్లీషు, హిందీలలో గానీ ఉండాలి, మన తెలుగు ఇక్కడ చెల్లదు. నేను పక్కింటి కన్నడ మాస్టారు గారితో రాయించుకున్నాను. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, మరో 30 రోజులలోపు మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

ఎందుకు, ఎలా అని అడగకండి. వివరణలు అడిగితే, అభిప్రాయాలు సమాచారం కిందికి రావని రాసి పంపిస్తారు. కాగితాలు అడగండి. మీకు కావలసినవి నాలుగు: మంజూరైన అంచనా, కాంట్రాక్టరుతో కుదిరిన ఒప్పందం, కొలతల పుస్తకంలో ఆ పనికి సంబంధించిన పేజీలు, పని పూర్తయిన ధ్రువపత్రం. భద్రతా సొమ్ము వాపసు ఇచ్చారా లేదా అన్న కాగితాన్ని మరో అర్జీలో అడగవచ్చు. బెంగళూరులో ప్రతి పనికీ జాబ్ నంబరు ఒకటి ఉంటుంది, మీరు చూసిన పలకపైనా అది ఉండే ఉంటుంది. ఆ నంబరు వేస్తే మీరు ఏ పని గురించి అడుగుతున్నారో తెలియలేదని తప్పించుకునే వీలుండదు. ఎవరి దగ్గరైనా ఆనాటి పలక ఫోటో ఉందేమో వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి. మాకైతే ఒక పాప పుట్టినరోజు ఫోటోలో వెనకాల దొరికింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ చట్టంలోని 2వ సెక్షన్ కాగితాల నకళ్లతో ఆగిపోదు. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కును, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకునే హక్కును కూడా ఇస్తుంది. అంటే కొత్త టెండరు పని మొదలయ్యాక, ఏ పూత వాడుతున్నారో చూడటానికి మీరు కప్పు ఎక్కవచ్చు. ముందుగా అర్జీ పెట్టి, తేదీ ఖాయం చేసుకుని వెళ్లాలి. దొడ్డిదారిన నిచ్చెన వేసుకుని ఎక్కితే మాత్రం మీ మీదే కేసు పెడతారు.

పేటవాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ పది రోజులలో తెలిసినవి చెబుతాను. పలక ఫోటో దొరికింది, జాబ్ నంబరు స్పష్టంగా ఉంది. చిన్న కాంట్రాక్టరు గారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిరుడు మేమెవరమూ ఉత్తరం రాయలేదు. వార్డు ఇంజనీరుకు ఫోను చేశాం, వాట్సాప్‌లో వీడియో పంపాం, నీలి గుర్తులు కూడా పడ్డాయి. అంతటితో మా పని అయిపోయిందనుకున్నాం. ఇదివరకైతే కార్పొరేటరు ఇంటికి వెళ్లి చెప్పుకునేవాళ్లం. 2020 సెప్టెంబరులో పాలక మండలి గడువు ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగకపోవడంతో, ఎవరి గుమ్మం తొక్కాలో తెలియకుండా పోయింది.

పని పూర్తయిన తేదీ గురించి కార్యాలయంలో నోటిమాటగా అడిగితే, బాధ్యతా కాలం ఇంకా కొన్ని వారాలు మిగిలే ఉందని ఒక గుమాస్తా గారు పుస్తకం చూసి చెప్పారు. అది నిజమైతే, బాధ్యతా కాలం నడుస్తుండగానే అదే పనికి మళ్లీ టెండరు పిలిచారన్నమాట. నాకు తోచినది ఇది. ఈ వారంలోనే లోపాల జాబితా రాసి, జాబ్ నంబరు వేసి, కార్యనిర్వాహక ఇంజనీరు కార్యాలయంలో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకుంటాను. కాగితాల కోసం అర్జీ విడిగా పెడతాను. కొత్త టెండరును ఆపమని కూడా ఆ ఉత్తరంలోనే అడగవచ్చా? ఆపితే వచ్చే వానాకాలం దాకా భవనం ఇలాగే ఉండిపోతుందేమోనని మా వీధిలో కొందరు భయపడుతున్నారు.

విశ్రాంత ఇంజనీరు:

ఆపమని రాయకండి. పాత ఒప్పందం కింద బాధ్యత ఇంకా ఉన్నందున, ఏ లోపం పాత కాంట్రాక్టరు సరిచేయవలసినది, ఏది కొత్త అంచనాలో ఉండవలసినది అని విడదీసి చూపమని రాయండి. అలా రాస్తే మీరు పనికి అడ్డుపడ్డారన్న నింద ఉండదు, ఒకే పనికి రెండుసార్లు బిల్లు చేసే వీలూ పోతుంది. సంతకం పెట్టవలసిన అధికారికి ఆ వాక్యం ఫైలులో కనిపిస్తే, దానిని దాటి కొత్త పనికి ఆదేశం ఇవ్వడానికి చేయి ఆడదు. ఉత్తరం నకలు ఒకటి పని చేయించిన సంస్థ ప్రధాన కార్యాలయంలోని సాంకేతిక నిఘా విభాగానికి కూడా పంపండి, అక్కడ మీ ఉత్తరం ఎవరూ చదవకపోయినా నకలు పంపినట్టు కింద కనిపించే వరుసకు విలువ ఉంది. అవినీతి ఫిర్యాదులు విచారించే లోకాయుక్త దాకా ఇప్పుడే వెళ్లకండి. చేతిలో కాగితాలు లేకుండా వెళితే మీరే అలిసిపోతారు.

చిన్న కాంట్రాక్టరు:

ఒక్క మాట. బాధ్యత ఎవరిదో విడదీయాలంటే నీరు ఎక్కడ దిగుతోందో ముందు తెలియాలి కదా. కప్పు మీద గొట్టాలు మూసి, నీరు నిలబెట్టి, కనీసం 24 గంటలు ఉంచి కింద ఎక్కడ తడి పడుతుందో గుర్తుపెట్టాలి. ఆ పరీక్ష పాత కాంట్రాక్టరు, ఇంజనీరు ఇద్దరూ ఉండగా జరపమనీ, మేమూ హాజరవుతామనీ ఆ ఉత్తరంలోనే రాయండి. పరీక్షకు ముందు పిట్టగోడ అతుకుల దగ్గర, గొట్టం మూతుల దగ్గర తేదీ కనిపించేలా ఫోటోలు తీసుకోండి. నీరు నిలబెట్టిన రోజున భవనంలో ఏ శుభకార్యమూ లేకుండా చూసుకోండి.